షూటింగ్‌లో కట్టిన బాసింగం

ఎల్లారెడ్డి,
డిసెంబర్ 9

పద్మలతా,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు నిన్ను తిట్టాలి. అందుకే కాగితం తీశాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మా ఇంట్లో నేను ఫోన్ మాట్లాడితే నలుగురు వింటారు, ఐదుగురు జవాబు చెప్తారు. డిగ్రీ చదివేటప్పుడు ఎండాకాలం సెలవుల్లో రాసుకున్నట్టే రాసుకుందాం.

మీ కామారెడ్డి ఛానల్‌కు నువ్వు రాస్తున్న ‘పదో తరగతి పిల్ల’ సీరియల్‌ను శనివారం శనివారం మా మహిళా సంఘం ఇంట్లో పెద్ద టీవీకి తగిలించి చూపిస్తున్నాను. చిన్న వయసులో పెళ్లిళ్లు వద్దని ఉపన్యాసం చెప్తే ఎవరూ వినరు, కథగా చెప్తే వింటారన్నావు. నేనూ నమ్మాను. నమ్మి, మా ఊరి స్వాతిని నీకు తెచ్చిచ్చాను. పదిహేనేళ్లది, నిజంగానే పదో తరగతి చదువుతోంది. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో వాచ్‌మన్ పని చేస్తుంటే ఇక్కడ నాయనమ్మ భూదేవవ్వ దగ్గర పెరుగుతోంది. దాన్నే నువ్వు పెళ్లికూతుర్ని చేశావు.

ఐదో ఎపిసోడ్‌లో పెళ్లి వచ్చింది. ఆడవాళ్లు కంటతడి పెడతారనుకున్నాను. ఒక్కరి కంట నీళ్లు లేవు, అందరి కళ్లూ చీర మీదే. “గా సీర ఏడ కొన్నరో అడుగు రమా” అని ఇద్దరు నన్ను పట్టుకున్నారు. మీరు పెట్టిన పెళ్లిపాటను మొన్న పక్క వీధి బరాత్‌లో డీజే వాడు మళ్లీ మళ్లీ వేశాడు. ఆ పెళ్లికూతురు కూడా ఇంకా మీసాలు రాని తన తమ్ముడి కంటే రెండేళ్లు పెద్ద, అంతే.

సరే, ఆరో ఎపిసోడ్‌లో పెళ్లి ఆగుతుంది కదా, అప్పుడు బుద్ధి వస్తుందిలే అనుకున్నాను. పెళ్లికూతురు పీటల మీది నుంచి లేచి బాసింగం తెంపి పడేసింది. చప్పట్లు కొడతారని నేను చేతులు కూడా ఎత్తాను. అప్పుడు భూదేవవ్వ గుండె మీద చెయ్యి వేసుకుని అరిచింది. “బాసింగం కట్టినంక పెండ్లి ఆగొద్దు! ఆగిన పెండ్లి ఏడాది తిరగకముందే పూర్తి చెయ్యాలె. లేకుంటే పిల్లకు అరిష్టం!”

ఆమె నీ కథలో పిల్ల గురించి మాట్లాడలేదే. మనవరాలు స్వాతి గురించి! ఆ రాత్రే కొడుకుకు ఫోన్ పోయింది. మాఘమాసంలో పెళ్లి చేసేస్తారట. ఎపిసోడ్ చివర నల్ల తెర మీద ఆపదలో ఉన్న పిల్లల కోసమని 1098 అని ఒక నంబరు వేస్తారు చూడు, అప్పటికే అందరూ చీరలు దులుపుకుని లేచిపోయారు.

పెళ్లి వద్దని చెప్పే కథలో పెళ్లిని అంత ముద్దుగా తీయమని ఎవరు చెప్పారే నీకు? దొంగతనం తప్పని చెప్పడానికి దొంగకు పట్టుపంచె కట్టినట్టుంది నీ తెలివి. ఇప్పుడేం చేస్తావో చెప్పు.

రమ

*

కామారెడ్డి,
డిసెంబర్ 17

రమా,

నీ తిట్లు భద్రంగా అందాయి. ఇక నావి అందుకో.

పెళ్లిని బోసిగా తీస్తే చూసేదెవరు? మొదటి నాలుగు ఎపిసోడ్లూ బడి, పుస్తకాలు, టీచరమ్మ. మా ఆఫీసులో చాయ్ తెచ్చే మనిషి కూడా చూడలేదు. ఛానల్ యజమాని నన్ను కూర్చోబెట్టి, “మేడం, మీరు నీతులు ఎన్నన్న చెప్పుండ్రి గని, నడుమ ఒక పెండ్లి పెట్టుండ్రి, డీజే పెట్టుండ్రి. గప్పుడు సూస్తరు” అన్నాడు. పెట్టాం. చూశారు. నీ సంఘం ఇంట్లో కూర్చోవడానికి చోటు లేదని నువ్వే సంబరంగా మెసేజ్ పెట్టావు, మరిచిపోయావా?

ఒళ్లు మండవలసింది నా మీద కాదు. పదిహేనేళ్ల పిల్లను తెర మీద పీటలెక్కిస్తుంటే, ‘అయ్యో, దీనికి బడి ఉంది కదా’ అని ఒక్కరికీ తోచని మనుషుల మీద. కథలో పెళ్లి ఆగితే అరిష్టమట! మరి కథలో పిల్ల జీవితం ఆగిపోతే? అది శుభమా?

ఆ బాసింగం సంగతి కూడా విను. ఇక్కడ బజార్లో పెళ్లిసామాను దుకాణంలో కొన్న బెండుముక్క, దాని మీద జరీ కాగితం. నిజమైనదే కొనమని నేనే పట్టుబట్టాను, అట్టతో చేస్తే తెర మీద తెలిసిపోతుందని. ఇక పక్క పీట మీద కూర్చున్న పెళ్లికొడుకు మా భూపాల్. రోజూ రామారెడ్డి నుంచి బండి మీద వచ్చి కామెడీ వేషాలు వేసే మనిషి. భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. బాసింగం కట్టుకుని మరీ షాట్‌కూ షాట్‌కూ మధ్య భార్యకు ఫోన్ చేసి, ‘చిన్నోనికి జరం తగ్గిందా’ అని అడుగుతూనే ఉన్నాడు. మీ భూదేవవ్వ భయపడే పెళ్లి ఇదీ!

నువ్వు సంఘానికి లీడర్‌వి. నీ మాటకు ఊళ్లో విలువ ఉంది. వెళ్లి చెప్పు. ఇంతకీ పెళ్లికొడుకు ఎవరు? చీర గురించి రాశావు, డీజే గురించి రాశావు, అసలు మనిషి గురించి ఒక్క ముక్క రాయలేదు.

పద్మ

*

ఎల్లారెడ్డి,
జనవరి 6

పద్మా,

పెళ్లికొడుకు ఎవరైతే ఏంటి? మస్కట్‌లో పని చేసి సెలవు మీద వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్లవాడు. తిరిగి పోయేలోపు ముడి వేసేయాలని వాళ్ల ఆరాటం. పేరు తెలిస్తే నువ్వేం చేస్తావు, సీరియల్లో పెడతావా?

నేను చెప్పలేదనుకున్నావా? భూదేవవ్వ దగ్గరకు రెండుసార్లు పోయాను. ఆ ముసలమ్మకు ఒకటే జపం, అరిష్టం, అరిష్టం. ఊళ్లో పెద్దమనుషులను అడిగాను. “పిల్ల టీవీల కనవడ్డది, ఊరంత సూసిన్రు. ఇగ ఇంట్ల పెట్టుకుంటె మంచిగుండదు రమమ్మా” అన్నారు. ఊరంతా చూసింది, నిజమే. చూసిన కళ్లది తప్పు లేదు, కనబడిన పిల్లది తప్పు! ఈ నోళ్లకు తాళాలు ఎక్కడ దొరుకుతాయో, ఉంటే కామారెడ్డి నుంచి పంపు.

పెళ్లికొడుకు తల్లి మాట విన్నావంటే నీకు అన్నం సయించదు. పెళ్లిచూపులు కూడా వద్దందట. “బాసింగం కట్టుకుంటె ఎట్లుంటదో టీవీలనే సూసిన గద, ఇంక సూసేదేంది” అందట. నీ ఐదో ఎపిసోడ్ ఆవిడకు పెళ్లిచూపులైంది. పొద్దున లేస్తే ఆవిడ ముఖం చూడాలంటే నాకు కంపరం పుడుతోంది.

నిన్న సాయంత్రం బడి నుంచి వస్తూ స్వాతి సంఘం ఇంటి దగ్గర ఆగింది. పుస్తకాల సంచి తీయకుండానే కూర్చుంది. తర్వాత అడిగింది: “అక్కా, షూటింగ్ల అయితే నేను ఏడ్వంగనే కట్ అన్నరు. గిక్కడ కట్ అని ఎవరంటరు?”

నేనేం చెప్పాలో చెప్పు. పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉన్నాయి. పూలుపండ్లు, అంటే మా దిక్కు నిశ్చయం, ఈ నెలాఖరుకు పెట్టుకున్నారు.

రమ

*

కామారెడ్డి,
జనవరి 19

రమా,

ప్రియమైన అని రాయబోయి ఆగాను.

నిన్న మా భూపాల్ వచ్చి, “మేడం, ఎల్లారెడ్డి సునీల్‌కుమార్ ఫోన్ చేసిండు. ముందుగాల మస్కట్ల పని చేసినప్పుడు ఇద్దరం ఒక్క రూములనే ఉన్నం. మన సీరియల్ల పిల్లనే చేసుకుంటుండట” అన్నాడు. ఎల్లారెడ్డిలో ఏ సునీల్‌కుమార్ అన్నాను. “రామవ్వ కొడుకు మేడం, గంగారాం తమ్ముడు” అన్నాడు.

గంగారాం నీ మొగుడు. రామవ్వ నీ అత్త. ఆ పెళ్లికొడుకు నీ మరిది!

పేజీలకు పేజీలు నన్ను కడిగావు. చీర తప్పు, పాట తప్పు, బాసింగం తప్పు, నా తెలివి తప్పు. నీ గడప లోపలి సంగతి మాత్రం చాప కింద పెట్టావు. అత్తను అనే ధైర్యం లేక నన్ను అన్నావు కదూ? అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు. నేను నీకు ఆ దుత్తనా? అందుకేనా ఫోన్ వద్దన్నావు? ‘పొద్దున లేస్తే ఆవిడ ముఖం’ అని రాసినప్పుడైనా నాకు వెలగలేదు, నా బుద్ధికి నేనే సిగ్గుపడాలి.

ఆ పిల్ల నిన్ను నమ్మి నీ పక్కన కూర్చుని అడిగింది. కట్ అని అనవలసిన మనిషి తన ఎదురుగానే ఉందని, రేపు తన తోటికోడలు కాబోతోందని దానికి తెలుసు. అందుకే నిన్నే అడిగిందేమో. నీకది కూడా తోచలేదా?

నువ్వు ఆపు. నువ్వు ఆపకపోతే నేనే అధికారులను వెంటబెట్టుకుని మీ ఇంటికి వస్తాను. అప్పుడు నన్ను స్నేహితురాలు అనకు, నేనూ అనుకోను.

అన్నట్టు, భూదేవవ్వ అరిష్టం సంగతి చెప్తే భూపాల్, “ఆగిన పెండ్లి పూర్తి చెయ్యాలంటె నన్ను గద పిలువాలె, సునీల్‌ను ఎందుకు పిలుస్తున్నరు?” అని పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పద్మలత

*

ఎల్లారెడ్డి,
ఫిబ్రవరి 1

పద్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద పళ్లు నూరాను. మూడో రోజు నువ్వు రాసింది నిజమని ఒప్పుకున్నాను. అవును, అత్తను అనలేకే నిన్ను అన్నాను. నువ్వు దూరంగా ఉంటావు, తిట్టినా అన్నం పెట్టకుండా ఉండవు. ఈవిడతో రేపూ ఎల్లుండీ ఒకే పొయ్యి దగ్గర నిలబడాలి. అంతే, ఇంకేం లేదు.

పూలుపండ్లు నిన్న. మావాళ్లు పది మందిమి పళ్లేలు పట్టుకుని భూదేవవ్వ ఇంటికి పోయాం. చీర ఉన్న పళ్లెం నా చేతిలో పెట్టింది అత్తమ్మ, పెద్ద కోడలిని కదా. స్వాతి అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వచ్చారు. స్వాతిని గోడ పక్కన కూర్చోబెట్టారు. తల ఎత్తలేదు.

నేను పళ్లేన్ని గడప దగ్గరే కింద పెట్టాను. అడిగాను. “అవ్వా, బాసింగం కట్టినంక ఆగిన పెండ్లి పూర్తి చెయ్యాలె అన్నవ్ గద?”

“అవు బిడ్డా. గందుకే గద గిదంత” అంది భూదేవవ్వ.

“ఆగిన పెండ్లి పూర్తి చెయ్యాలంటె, ఆ పొద్దు పీటల మీద పక్కన కూసున్న పిలగానితోనే చెయ్యాలె గద? ఇంకొకన్ని తెచ్చి కూసుండవెడితె గది పూర్తి చేసుడు ఎట్లయితది? కొత్త పెండ్లయితది.”

పెద్దమనిషి ఒకాయన తల గోక్కుని, “గదీ నిజమే” అన్నాడు.

“ఆ పిలగాడు రామారెడ్డి భూపాల్. ఆనికి పెండ్లాం ఉన్నది, ఇద్దరు పిల్లలున్నరు. ఫోన్ చెయ్యమంటరా?”

అత్తమ్మ ముఖం ఎర్రబడింది. “నీకేమన్న పిచ్చి లేసిందా? గది ఆట. ఉత్తుత్త పెండ్లి!”

“ఉత్తుత్త పెండ్లయితె బాసింగం గూడ ఉత్తుత్తదే గద అత్తమ్మా. మరి అరిష్టం ఎక్కడిది?”

భూదేవవ్వ మెల్లగా నా దగ్గరకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “నిజంగ అరిష్టం లేదా బిడ్డా?” అని అడిగింది. ఆ చెయ్యి చల్లగా ఉంది పద్మా. అన్ని రోజులూ ఆమెను మూఢురాలని తిట్టుకున్నాను. అక్కడున్న వాళ్లందరిలో నిజంగా భయపడింది ఆమె ఒక్కతే. మావాళ్లు ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని పిల్లను ఎగరేసుకుపోదామని చూశారు. అరిష్టం లేదు అవ్వా అని చెప్పాను. “అయితె నా పిల్ల పరీక్ష రాస్తది” అంది. స్వాతి అప్పుడు తల ఎత్తింది. వాళ్ల నాన్న కూడా ‘సరే’ అన్నాడు, ఊపిరి పీల్చుకున్నట్టు.

అత్తమ్మ ఊరుకుంటుందా? “సీరియల్ల వేషాలేసిన పిల్ల మాకూ వద్దు” అని పళ్లేలన్నీ తిరిగి ఎత్తించింది. నేను కింద పెట్టిన పళ్లెం మాత్రం నాకివ్వలేదు, తనే మోసింది.

రమ

*

కామారెడ్డి,
ఫిబ్రవరి 10

రమా, నా బంగారు రమా,

నీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ చదివాను. భూపాల్ టేబుల్ మీద గుద్ది గుద్ది నవ్వాడు. యజమాని కూడా, “మేడం, గిది పెట్టుండ్రి, డీజే లేకున్న సూస్తరు” అన్నాడు.

ఏడోది వేశాక సీరియల్‌ను ఆపి పెట్టాం కదా, మార్చి ఆఖరున మళ్లీ మొదలయ్యే ఎనిమిదో ఎపిసోడ్‌ను తిరగరాశాను. అందులో ఒక వదిన వస్తుంది. చీర పళ్లెం గడప దగ్గర పెట్టి నిలదీస్తుంది. నంబరు కూడా ఇక నల్ల తెర మీద వేయం. ఆ వదినే నోటితో చెప్తుంది, ఎవరూ లేచిపోకముందే. నీకు అభ్యంతరమైతే చెప్పు, తీసేస్తాను. కానీ తీయమనకు. స్వాతి మిగతా షూటింగ్ పరీక్షల తర్వాతే, అదీ బడి డ్రెస్సులోనే. ఇక దానికి పట్టుచీర కట్టించను.

నా మాటలు మరిచిపో. మనం గెలిచాం రమా!

నీ పద్మ

*

ఎల్లారెడ్డి,
మార్చి 30

పద్మా,

ఎక్కడి గెలుపు?

నీ ఉత్తరం వచ్చిన నెలకు మా ఇంట్లో మళ్లీ పసుపు దంచారు. జుక్కల్ దిక్కున ఒక ఊరి నుంచి పిల్లను చూశారు. కూలి చేసుకునే వాళ్ల బిడ్డ. పద్నాలుగేళ్లు. ఏడోతో బడి మానేసింది. ఆ పిల్ల సీరియల్లో నటించలేదు, సీరియల్ చూడనూ లేదు, వాళ్లింట్లో టీవీయే లేదు. దాని నొసట ఎవరూ ఏ బాసింగమూ కట్టలేదు. ఏ పెళ్లీ ఆగలేదు. మరి దానికెందుకు తొందర? ఆ మాటే అడిగాను. “మా పిలగాని సెలవు అయిపోతుంది” అన్నారు. అంతేనట! ఇంత సూటిగా చెప్పగలిగిన వాళ్లు, ఆ ముసలమ్మను అరిష్టం అరిష్టం అని రెండు నెలలు ఎందుకు ఏడిపించారు? నా ఒళ్లంతా భగ్గుమంది. నా మాట నెగ్గి స్వాతి బయటపడింది, సరే. ఆ పీట మీదికి ఇంకో పిల్లను వెతికి తెచ్చారు. నేను నెగ్గింది మాటలోనే.

ఈసారి చెప్పడానికి చమత్కారం లేదు. గంగారాంతో చెప్పాను. “మా అవ్వ మాట మీద నేను పోను” అని అటు తిరిగి పడుకున్నాడు. సునీల్‌తో చెప్పాను. “నాకేం ఎరుక వదినె, అవ్వ చేసుకొమ్మన్నది” అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లవాడికి ఏమీ ఎరుక లేదు, పద్నాలుగేళ్లది మాత్రం కాపురం ఎరిగి రావాలి!

పెళ్లికి ముందు రోజు సంఘం ఇంటికి పోయి తలుపేసుకుని 1098కి ఫోన్ చేశాను. మీ నల్ల తెర మీది నంబరే. ఎవరూ చూడరని నీతో అన్నానే గానీ, వారం వారం టీవీ కట్టేయడానికి నేను అక్కడే నిలబడి చూసేదాన్ని. మీ పేరు చెప్పనక్కర్లేదమ్మా అంది అవతలి అమ్మాయి. చెప్పాను. పెళ్లికొడుకు పేరు చెప్పాను, మా అత్త పేరు చెప్పాను, మా ఇంటి గుర్తు చెప్పాను. పేరు దాచుకుంటే మళ్లీ నీకు జనవరిలో రాసిన ఉత్తరమే అవుతుంది కదా.

అధికారులు, పోలీసులు పెళ్లి జరిగే ఊరికే వచ్చారు. తాళి కట్టకముందే ఆపారు. రెండు వైపుల పెద్దలతో కాగితం రాయించుకున్నారు. పిల్లను ఆడపిల్లల హాస్టల్‌కు పంపి మళ్లీ బడిలో వేస్తామన్నారు. ఎవరు చెప్పారని మావాళ్లు అడుగుతుంటే నేనే అన్నాను. అందరి ముందూ అన్నాను. అత్తమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నా ముఖం కూడా చూడకుండా బండెక్కింది.

సునీల్ మస్కట్ పోయాడు. ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. నేను వండుతున్నాను, వాళ్లు తింటున్నారు. “మా అవ్వను పోలీసుల ముంగట నిలవెట్టినవ్” అని గంగారాం ఒక్క మాట అన్నాడు. “ఆ పిల్లను పీటల మీద ఎవరు నిలవెట్టిన్రు?” అన్నాను. తిన్న పళ్లెం తనే కడుక్కుని పోయాడు. మా అమ్మ రోజూ ఫోన్ చేసి, కొన్నాళ్లు వచ్చి ఉండిపో బిడ్డా అంటోంది.

స్వాతి పరీక్షలు రాస్తోంది. తెలుగు బాగా రాసిందట, లెక్కలకు భయపడుతోంది. పొద్దున భూదేవవ్వ దాన్ని బడి గేటు దాకా తీసుకుపోయి, అయ్యేదాకా అక్కడే కూర్చుంటోంది.

నిన్న శనివారం. నీ ఎనిమిదో ఎపిసోడ్. సంఘం ఇంటికి నేను పోలేదు, ధైర్యం చాలలేదు. ఇంట్లోనే టీవీలో పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. వదిన గడప దగ్గర పళ్లెం పెట్టడం, అడగడం, అంతా వినబడుతోంది. వదిన నంబరు చెప్పింది, ఒక్కొక్క అంకె విడివిడిగా. నేను గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. గంగారాం లేచి టీవీ కట్టేయబోయాడు.

“ఉండనియ్యి” అంది అత్తమ్మ. రెండు వారాల తర్వాత ఆ ఇంట్లో నా చెవిన పడిన ఆమె మొదటి మాట. “తర్వాత గామె ఏం చేస్తదో సూద్దాం.”

ఆమె మారిందని రాయను, నీకు ఇంకోసారి అబద్ధం చెప్పను. కానీ చివరిదాకా చూసింది.

తొమ్మిదో ఎపిసోడ్ ఇంకా రాయకపోతే ఒక్క మాట విను. ఇట్లాంటి ఆడదాన్ని కథల్లో ఆఖరికి పుట్టింటి బస్సెక్కిస్తారు. నువ్వు ఆ పని చేయకు. ఆ వదినను ఆ ఇంట్లోనే ఉంచు, ఆ పొయ్యి దగ్గరే నిలబెట్టు. నేనూ పోవడం లేదు.

నీ రమ